వాద్యబృంద నిర్దేశకుడు: పాత్ర, ప్రయోజనం

తీగ వాద్యాలు, ఊదుడు వాద్యాలు, చర్మవాద్యాలు కలిపి వాయించే పాశ్చాత్య సంగీత బృందాన్ని ఆర్కెస్ట్రా అని, తాను ఏ వాద్యాన్నీ వాయించకుండా ఆ బృందానికి ఎదురుగా నిలబడి చేతి కదలికలతోనూ చూపుతోనూ దానిని నడిపించే సంగీతజ్ఞుణ్ని కండక్టర్ అని, తెలుగులో వాద్యబృంద నిర్దేశకుడు అని వ్యవహరిస్తారు. సింఫనీ ఆర్కెస్ట్రాలో సాధారణంగా 70 నుంచి 100 మంది వరకు కళాకారులు ఉంటారు. వీరిలో ప్రతి ఒక్కరి ముందూ తాము వాయించవలసిన భాగం మాత్రమే రాసిన కాగితాలు ఉంటాయి. అందరి భాగాలనూ ఒకదాని కింద ఒకటిగా పేర్చి రాసిన పూర్తి ప్రతిని స్కోరు అంటారు, అది నిర్దేశకుడి ముందు మాత్రమే ఉంటుంది. ఇరవై ముప్ఫై ఆవర్తాల మౌనం తరువాత ఒక్క స్వరం ఊదవలసిన ట్రంపెట్ కళాకారుడి కాగితంలో ఆ మౌనాల లెక్కే తప్ప చుట్టూ ఏం జరుగుతున్నదో కనిపించదు కనుక, రచన మొత్తాన్ని ఒక్కచోట చూడగలిగిన మనిషి ఎవరో ఒకరు ఉండవలసిన అవసరం ఈ ఏర్పాటులోనే పుట్టింది.

నిర్దేశకుడు చేసేది తాళం వేయడమేనని, అంతమంది నిపుణులకు ఆ మాత్రం తాళం తెలియదా అని ప్రేక్షకులకు సందేహం కలగడం సహజం. తాళం అందరికీ తెలుసు. చిక్కంతా దూరంతో వస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కాబట్టి, వేదికకు ఒక కొసన వాయించిన స్వరం 17 మీటర్ల దూరాన మరో కొసన కూర్చున్నవారికి సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. విన్నదానిని బట్టి వాయించేవారు ఇంకొంత వెనకబడతారు, వారిని విన్నవారు మరికొంత వెనకబడతారు, ఆ విధంగా వేగం మొత్తం క్రమంగా జారిపోతుంది. చూపుకు ఈ ఆలస్యం లేదు. అందువల్ల పెద్ద బృందంలో కాలప్రమాణాన్ని చెవికి కాక కంటికి అప్పగించారు, ఆ కన్ను చూడవలసిన గుర్తుగా ఒక మనిషిని నిలబెట్టారు.

నిర్దేశకుడి కుడి చేతిలో బేటన్ అనే సన్నని తేలికైన కర్ర ఉంటుంది. నాలుగు మాత్రల గతిలో అది మొదటి మాత్రకు కిందికి, రెండవదానికి ఎడమకు, మూడవదానికి కుడికి, నాలుగవదానికి పైకి కదులుతుంది. ఎడమ చేయి ఇదే కదలికను అద్దంలో బొమ్మలాగా అనుకరించకుండా ధ్వని పెరగాలా తగ్గాలా, స్వరాన్ని ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎవరు ఎప్పుడు అందుకోవాలి అన్న సంగతులు చెబుతుంది. వీటన్నింటిలోనూ ముఖ్యమైనది శబ్దం పుట్టడానికి ముందు వచ్చే సన్నాహపు సైగ: మొదటి స్వరానికి ఒక్క మాత్ర ముందు చేయి పైకి లేచే తీరులోనే ఆ రచన ఏ వేగంతో నడవాలో, మెత్తగా మొదలవాలో గట్టిగా మొదలవాలో కళాకారులు గ్రహిస్తారు, ఊదుడు వాద్యాలవారు సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకుంటారు. ఈ సైగ సందిగ్ధంగా ఉంటే ఎంతటి గొప్ప బృందమైనా ఎత్తుగడలోనే తడబడుతుంది. మంచి నిర్దేశకుడి చేయి ఎప్పుడూ సంగీతం కంటే కొంచెం ముందుంటుంది. జరుగుతున్నదానిని చూపే చేతికి అలంకారంగా తప్ప వేరే ఉపయోగం లేదు.

అయినా కచేరీలో కనిపించేది అతని పనిలో చిన్న భాగమే. అసలు పని స్కోరును ఒంటరిగా చదువుకోవడంలోనూ, కచేరీకి ముందు జరిగే సాధనల్లోనూ పూర్తవుతుంది. స్వరకర్త కాగితం మీద 'మెల్లగా' అని రాస్తాడు, ఎంత మెల్లగా అన్నది చాలాసార్లు రాయడు. 'గట్టిగా' అని అన్ని వాద్యాలకూ ఒకే గుర్తు పెడతాడు, ఆ గుర్తును అక్షరాలా పాటిస్తే ఇత్తడి వాద్యాల హోరులో వేణువు మునిగిపోతుంది. ఇటువంటి చోట్ల వందమందికి వంద అభిప్రాయాలు ఉండవచ్చు, అవన్నీ సమంజసమైనవే కావచ్చు, అయినా వినిపించవలసింది ఒక్కటే. చర్చకు వ్యవధి లేని ఆ స్థితిలో నిర్ణయం చేసి, దానికి జవాబుదారీగా నిలిచే బాధ్యత నిర్దేశకుడిది. మొదటి వయొలిన్ వరుసకు నాయకత్వం వహించే కళాకారుడు కమాను ఎటు లాగాలి, ఎక్కడ తిప్పాలి అన్న సాంకేతిక విషయాలను తన వర్గానికి నిర్ణయించి నిర్దేశకుడికి తోడుగా ఉంటాడు.

చరిత్ర

ఐరోపాలో ఈ పదవి పాతదేమీ కాదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రాజాస్థానంలో జాఁ బతీస్త్ లూలీ బరువైన కర్రను నేలకు తాటిస్తూ తాళం చూపేవాడు. 1687 జనవరిలో రాజు స్వస్థత పొందిన సందర్భంగా జరిగిన సంగీత సభలో ఆ కర్ర పొరపాటున కాలివేలికి తగిలి, పుండు కుళ్లి, మార్చిలో అతను మరణించాడు. 18వ శతాబ్దమంతా నాయకత్వం ఇద్దరి మధ్య చీలి ఉండేది. 1791లో లండన్‌లో హైడన్ సింఫనీలను ప్రదర్శించినప్పుడు హైడన్ కీబోర్డు వద్ద కూర్చోగా, సాలమన్ మొదటి వయొలిన్ వాయిస్తూ బృందాన్ని నడిపించాడు. 1824లో వియన్నాలో తొమ్మిదవ సింఫనీ తొలి ప్రదర్శనలో, అప్పటికే వినికిడి పోయిన బీథోవెన్ వేదిక మీద నిలబడి వేగాలు చూపుతుండగా, కళాకారులు మాత్రం మిఖాయెల్ ఉమ్లౌఫ్ చేతినే చూడాలని ముందుగా చెప్పి ఉంచారు. నిర్ణయ కేంద్రం ఒక్కటే ఉండాలన్న సూత్రానికి ఇంతకంటే విషాదకరమైన ఉదాహరణ దొరకదు. 1835లో లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ బృందాన్ని చేపట్టిన మెండెల్‌సన్, తరువాత బెర్లియోజ్, వాగ్నర్‌లతో వాయించని నిర్దేశకుడు స్థిరపడ్డాడు. సరైన వేగాన్ని పట్టుకోవడమే నిర్దేశకత్వానికి ప్రాణమని వాగ్నర్ 1869లో ఒక గ్రంథంలో వాదించాడు. స్త్రీలకు ఈ వేదిక చాలా ఆలస్యంగా దక్కింది. అమెరికాలో బాల్టిమోర్ సింఫనీకి 2007లో మారిన్ ఆల్సాప్ సంగీత నిర్దేశకురాలు అయ్యేవరకు ఆ దేశపు ప్రధాన బృందాల్లో ఏ స్త్రీకీ ఆ స్థానం లభించలేదు. భారతీయుల్లో ఈ రంగంలో జగత్ప్రసిద్ధుడు 1936లో బొంబాయిలో జన్మించిన జూబిన్ మెహతా.

తెలుగు నేలలో నిర్దేశక పాత్ర

భారతీయ సంగీతానికి బృందవాద్యం కొత్త కాదు. నాట్యశాస్త్రం వాద్యసముదాయాన్ని కుతపమని పేర్కొనగా, 13వ శతాబ్దపు సంగీతరత్నాకరం గాయకవాదక బృందాలను సంఖ్యను బట్టి ఉత్తమ, మధ్యమ, కనిష్ఠ భేదాలుగా విభజించింది. అయితే వాయించకుండా, పాడకుండా కేవలం నడిపించే వ్యక్తి ఈ సంప్రదాయంలో ఏర్పడలేదు. కర్ణాటక కచేరీలో గాయకుడే తొడ మీద తాళం వేస్తాడు. ఆదితాళంలో ఒక ఘాతం, చిటికెన వేలు మొదలుగా మూడు వేళ్ల లెక్క, తరువాత ఘాతం, విసర్జితం, మళ్లీ ఘాతం, విసర్జితం కలిసి ఎనిమిది అక్షరాలు. శబ్దం వచ్చే క్రియలను సశబ్దమని, రానివాటిని నిశ్శబ్దమని శాస్త్రం విభజించింది. ఈ లెక్కను మృదంగ విద్వాంసుడు, వయొలిన్ విద్వాంసుడు, సభలో ముందు వరుసవారు సైతం తమలో తాము వేసుకుంటూనే ఉంటారు. నలుగురైదుగురు చెయ్యి చాచితే అందేంత దగ్గరగా కూర్చొని మనోధర్మంతో వాయించే చోట చూపుతో నడిపించే మనిషికి పని లేదు. కూచిపూడిలో తాళాలు పట్టుకొని జతులు చెప్పే సూత్రధారుడు ఈ పాత్రకు దగ్గరగా వచ్చినా, అతను ప్రదర్శనలో స్వయంగా ఒక పాత్రధారి.

మనుషుల సంఖ్య పెరిగినచోట మాత్రం గ్రామీణ కళలు తమ నిర్దేశకుణ్ని తామే తయారుచేసుకున్నాయి. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పరిసర గ్రామాల్లో కోలాటానికి, చెక్కభజనకు గురువు ఉంటాడు. కోలాటంలో అడుగుల వరుసను, కోలలు తాకించే పద్ధతిని కలిపి కోపు అంటారు. ఒక కోపు నుంచి మరో కోపుకు మారేముందు గురువు ఈల వేసి గాని, పాటలోనే గొంతు పెంచి గాని ముందుగా హెచ్చరిస్తాడు. ఆ హెచ్చరిక మారే అడుగు మీద కాక దానికి ముందు రావాలి, లేకపోతే కోల తగలవలసిన చోట ఎదుటివారి వేళ్లు ఉంటాయి. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ అల్లి, తిరిగి ఆడుతూ విప్పే జడకోలాటంలో ఒక్కరు వరుస తప్పినా తాడు ముడిపడి ఎక్కడ తప్పు జరిగిందో అందరి కళ్లకూ కనిపిస్తుంది. సింఫనీలో ఇటువంటి తప్పును పట్టుకోవడానికి ఎంతో శిక్షణ పొందిన చెవి కావాలి. కాళ్లకు గజ్జెలు కట్టి, చేతుల్లో లోహపు బిళ్లలు పొదిగిన చెక్కలు పట్టుకొని ఆడే చెక్కభజనలో గురువు తాళాలతో వలయం మధ్య నిలబడతాడు, అందరికీ సమానదూరంలో ఉండటమే దానికి కారణం. నెలల తరబడి రాత్రిపూట రామాలయం ముందు జరిగే నేర్పు ఆర్కెస్ట్రా సాధనకు సమానమైనది. తిరునాళ్లలో ఆడే రోజుకు గురువు పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఈ ప్రాంతంలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల ఆలయాల వద్ద పద్దెనిమిది రోజుల పాటు జరిగే భారత మహోత్సవాల్లో పగలు హరికథ, రాత్రి నాటకం నడుస్తాయి. నాటకంలో హార్మోనియం వాయించేవాడే సంగీతానికి ఆధారం, అతనే వాస్తవంలో నిర్దేశకుడు. దుర్యోధన పాత్రధారి పద్యం చివర రాగాన్ని ఎంతసేపు సాగదీస్తాడో ఆ రాత్రి అతని గొంతును బట్టి, జనం ఈలలను బట్టి మారుతుంది. హార్మోనిస్టు ఆ ఊపిరిని కనిపెట్టి ఉండి, అది ఆగిన క్షణాన మద్దెలకు, తాళానికి తలతో సైగ చేసి దరువులోకి దింపుతాడు. ఇటలీ ఒపేరాలో గాయని పట్టి ఉంచిన పై స్థాయి స్వరం కోసం గుంటలో కూర్చున్న బృందాన్ని చేతితో ఆపి ఉంచే నిర్దేశకుడు చేసేదీ ఇదే పని. కాకపోతే ఒన్స్‌మోర్ కేకలకు లొంగి అదే పద్యాన్ని అదే శ్రుతిలో మళ్లీ ఎత్తుకోవలసిన కష్టం ఇప్పటి ఒపేరా నిర్దేశకుడికి అరుదు, హార్మోనిస్టుకు నిత్యకృత్యం. గంగ జాతర్లలో పలకలు కొట్టేవారికి ఇటువంటి నాయకుడు కూడా ఉండడు. ముందున్నవాడి పలక దెబ్బే అందరికీ గురుతు, అది అంత గట్టిగా వినిపిస్తుంది కనుక చూపుతో పని పడదు.

మదనపల్లె స్వరలిపి, జాతీయ గీతం

నోటితో సాగే పాట ఆర్కెస్ట్రా చేతికి చేరాలంటే ఏమేమి జరగాలో తెలుసుకోవడానికి మదనపల్లెకు సంబంధించిన ఒక ఘట్టం అక్కరకు వస్తుంది. అనిబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ప్రధానాచార్యుడుగా ఉన్న కాలంలో, 1919 ఫిబ్రవరిలో, దక్షిణదేశ యాత్రలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ కొన్నాళ్లు విడిది చేసి, ఒక సాయంత్రం కళాశాల సమావేశంలో 'జనగణమన' పాడి వినిపించాడు. ఫిబ్రవరి 28న దానికి తన ఆంగ్లానువాదాన్ని అక్కడే సిద్ధం చేశాడు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ డబ్లిన్‌లో సంగీతంలో పట్టా పొందిన విదుషి; పాశ్చాత్య స్వరలిపిలో ఆ పాటను రాయడానికి ఆమె పూనుకొని, స్వరస్వరమూ సరిచూసి ఠాగూరు ఆమోదం పొందింది.

ఆ పాటకు బాణీ మదనపల్లెలోనే పుట్టిందన్న మాట ఆ ప్రాంతంలో విరివిగా వినిపిస్తుంది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే దానిని పాడారు కనుక ఆ మాటను కొంత సవరించుకోవాలి: మదనపల్లెలో జరిగింది బాణీ కట్టడం కాదు, ఉన్న బాణీని రాతలో స్థిరపరచడం. దీనివల్ల మదనపల్లె గౌరవం తగ్గదు. గురుముఖంగా మాత్రమే అందే పాట, దానిని ఎన్నడూ వినని వయొలిన్ కళాకారుడు సైతం చదివి వాయించగల రచనగా మారడం చిన్న మార్పు కాదు. అయితే స్వరలిపి ఏ స్వరం ఎంతకాలం నిలవాలో చెప్పగలదు గాని పాడేవారి గొంతులోని ఒదుగును, చరణం చివర తీసుకునే విరామాన్ని పూర్తిగా పట్టుకోలేదు. కాగితానికి, శబ్దానికి మధ్య మిగిలిన ఈ ఖాళీని పూరించవలసినవాడు నిర్దేశకుడే.

ఆ గీతం తరువాతి ప్రస్థానమంతా వాద్యబృందాల మీదుగానే సాగింది. 1942 సెప్టెంబరు 11న హాంబర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ పాల్గొన్న భారత జర్మన్ సంఘ ప్రారంభోత్సవంలో ఆర్కెస్ట్రా దానిని వాయించింది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం సందర్భంగా భారత ప్రతినిధి వర్గాన్ని జాతీయ గీతం అడిగినప్పుడు వారి వద్ద ఉన్నది ఈ పాట రికార్డు మాత్రమే. దానినే అక్కడి ఆర్కెస్ట్రాకు ఇవ్వగా, వారు సాధన చేసి వాయించి సభను మెప్పించారు. 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో నెహ్రూ ఈ సంగతి వివరిస్తూ, జాతీయ గీతానికి మాటల కంటే బాణీ ముఖ్యమని, విదేశాల్లో ఆర్కెస్ట్రాలు, సైనిక బ్యాండ్లు వాయించడానికి అనువుగా ఉండాలని వాదించాడు. వందేమాతరం కూడా బ్యాండుకు ఒదుగుతుందని చూపడానికి మరాఠీ సంగీతకారుడు మాస్టర్ కృష్ణారావు గట్టిగా ప్రయత్నించాడు. చివరకు 1950 జనవరి 24న జనగణమన జాతీయ గీతమైంది. ఇంగ్లీషు స్వరకర్త హెర్బర్ట్ మరిల్ దానికి ఆర్కెస్ట్రా రూపం సమకూర్చాడు. ఒక దేశం తన గీతాన్ని ఎంచుకొనేటప్పుడు బ్యాండు మాస్టరు సౌకర్యాన్ని ఇంతగా లెక్కలోకి తీసుకోవడం ఆలోచించదగినది.

పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు, సంక్షిప్త రూపానికి సుమారు 20 సెకన్ల వ్యవధి ప్రభుత్వం నిర్దేశించింది. ఠాగూరు ఏ సభలోనూ గడియారం చూసి పాడి ఉండడు. వందలమంది కలిసి పాడే, వేర్వేరు ఊళ్లలో వేర్వేరు బ్యాండ్లు వాయించే గీతానికి మాత్రం ఇటువంటి కట్టడి తప్పదు. బ్యాండు వాయించే సందర్భంలో గీతానికి ముందు డ్రమ్ముల మోత ఉండాలని, అది నెమ్మది కవాతులో ఏడు అడుగులు వేసేంత కాలం మెల్లగా మొదలై, పెరిగి, తిరిగి తగ్గాలని, ఆపైన ఒక్క మాత్ర విరామం ఇచ్చి గీతం ఎత్తుకోవాలని నియమావళి చెబుతుంది. ఇది నిర్దేశకుడి సన్నాహపు సైగను మైదానంలోని వేలమందికి వినిపించేలా మార్చిన రూపమే: వాయించేవారికి వేగం, పాడేవారికి శ్వాస, కూర్చున్నవారికి లేచి నిలబడే వ్యవధి, మూడూ ఆ ఏడు అడుగుల్లోనే దొరుకుతాయి.

ఆకాశవాణి, సినిమా

రాసిపెట్టిన సంగీతాన్ని భారతీయ వాద్యాలతో నడిపించే ప్రయత్నం ఆకాశవాణి 1952లో ఢిల్లీలో నెలకొల్పిన వాద్యవృందంతో వ్యవస్థగా రూపొందింది. పండిట్ రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దానికి తొలి నిర్దేశకులు. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922–1987) మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, తరువాత ఈ వాద్యవృందానికి స్వరకర్తగా, నిర్దేశకుడుగా సేవ చేశాడు. వీణ, సితార్, వేణువు, వయొలిన్ ఒకేచోట కూర్చున్నప్పుడు ఎదురయ్యే చిక్కు వేరు. పాశ్చాత్య బృందంలో వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికి స్వరమేళనం ఏర్పడుతుంది. రాగసంగీతంలో అందరూ ఒకే స్వరం పలికినా గమకం ఎవరి చేతిలో వారిది. ఇద్దరు వైణికులు ఒకే గాంధారాన్ని రెండు విధాలుగా ఊపితే శ్రుతి కలిసి కూడా బృందం కలవదు. కాబట్టి ఇక్కడి నిర్దేశకుడు తాళం కంటే గమకాన్ని ఏకరూపం చేయడానికే ఎక్కువ శ్రమించవలసి వస్తుంది.

సాధారణ తెలుగు శ్రోత చెవికి ఆర్కెస్ట్రా చేరింది మాత్రం సినిమా పాట ద్వారా. మద్రాసు స్టూడియోల్లో గాయకులూ, వాద్యకారులూ ఒకేసారి కూర్చొని మొత్తం పాటను ఒక్క టేకులో రికార్డు చేసిన దశాబ్దాల్లో, చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పు పలికినా పాట మొదటికి వచ్చేది. సంగీత దర్శకుడు బాణీ కడితే, దానికి వాద్యాల భాగాలు రాసి, పంచిపెట్టి, ఎదుట నిలబడి నడిపించే పని తరచుగా సహాయకుడి మీద పడేది. 1980లో విడుదలైన 'శంకరాభరణం' సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌కు దీర్ఘకాలం కుడిభుజంగా నిలిచిన పుహళేంది, ఇళయరాజా బృందాన్ని నడిపించిన డ్రమ్మర్ పురుషోత్తమన్ ఈ కోవకు చెందినవారు. తెరమీద పేర్లలో ఒక్క వరుసకు మించి చోటు దక్కని ఈ సహాయకుల పని మీద తెలుగులో సంగీత విమర్శ తగినంత దృష్టి పెట్టలేదు. అనేక ట్రాకుల రికార్డింగు వచ్చాక ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా, హెడ్‌ఫోనులో వినిపించే టిక్కుటిక్కు శబ్దానికి అనుగుణంగా వాయించడం ఆనవాయితీ అయింది. కాలం చూపే పని యంత్రానికి పోయింది; ఒక వాక్యం చివర వేగాన్ని రవ్వంత తగ్గించి మళ్లీ అందుకొనే స్వేచ్ఛ కూడా దానితోపాటే పోయింది.

నిర్దేశకుడు లేకుండా

ఈ పదవి అనవసరమన్న వాదం ఆచరణలో కూడా పరీక్షకు నిలిచింది. విప్లవానంతర మాస్కోలో 1922లో ఏర్పడిన పెర్సింఫాన్స్ బృందం, ఒక్కరి పెత్తనం సమానత్వానికి విరుద్ధమన్న భావనతో నిర్దేశకుడు లేకుండానే పెద్ద సింఫనీలను ప్రదర్శించి పదేళ్లు నిలిచింది. కళాకారులు ఒకరికొకరు కనిపించేలా వలయాకారంగా కూర్చొనేవారు, నిర్ణయాలు కమిటీలో జరిగేవి, సాధనకు పట్టే సమయం మాత్రం విపరీతంగా పెరిగింది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ బృందం ముప్ఫై నలభై మందికి పరిమితమై, రచనకో నాయకుణ్ని మార్చుకుంటూ నేటికీ కొనసాగుతోంది. ఈ రెండు అనుభవాలను బట్టి నిర్దేశకుడు చేసే పని తప్పనిసరి అని, దానిని ఒక్కడే చేయడం మాత్రం సంఖ్యను, సమయాన్ని బట్టి వచ్చే సౌకర్యమని చెప్పవచ్చు. 2012లో ఇటలీ పరిశోధకులు వయొలిన్ కమానుల కొసలకూ, నిర్దేశకుడి బేటన్‌కూ గుర్తులు అమర్చి పరారుణ కెమెరాలతో కదలికలను కొలిచినప్పుడు, నిర్దేశకుడి ప్రభావం ఎక్కువగానూ, కళాకారులు ఒకరి మీద మరొకరు చూపే ప్రభావం తక్కువగానూ ఉన్న ప్రదర్శననే సంగీత నిపుణులు మెరుగైనదిగా ఎంచారు. అయితే పరీక్షకు వచ్చిన నిర్దేశకులు ఇద్దరే.

స్వరకర్తే మంచి నిర్దేశకుడు అవుతాడన్న నియమం లేదు, ఇద్దరూ ఒక్కరే కానవసరమూ లేదు. తన పాటల స్కోరును ప్రతి వాద్యానికీ తానే రాసే ఇళయరాజా మద్రాసులో ధనరాజ్ మాస్టారు వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించినవాడు. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ బృందం అతని సింఫనీ 'వాలియంట్'ను ప్రదర్శించినప్పుడు నిర్దేశక వేదిక మీద నిలిచినవాడు మైకేల్ టామ్స్.